మిషన్ గది బయట ఆదాం

ప్రత్తిపాడు కల్లాల్లో ఎర్ర మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరడంలో ఆదాంని మించినవాళ్లు లేరు. పక్కన పదిమంది ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నా తలెత్తడు. ముప్పై ఆరేళ్లు వచ్చాయి. మాట తక్కువ. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేసినా, అన్నం వేళ దాటినా పిడికిలితో తల బాదుకుంటాడు. అప్పుడు అక్క నస్రత్ అతని తలకీ పిడికిలికీ మధ్య తన అరచెయ్యి అడ్డం పెడుతుంది. అలా పెట్టీ పెట్టీ ఆమె చిటికెనవేలు వంకరపోయింది.

తల్లి లాల్‌బీ పోయాక అతనికి ఉన్నది నస్రత్ ఒక్కతే. ఇంట్లోనే పరుపులు కుడుతుంది. తమ్ముడిది ఆటిజం అని ఆమెకు నిరుడే తెలిసింది, గుంటూరులో ఒక డాక్టరు చెబితే. అప్పటిదాకా ఊళ్లో అందరూ పిచ్చోడనే అన్నారు.

ఆ డాక్టరు దగ్గర పరిశోధన చేస్తున్న స్తుతి అనే అమ్మాయి ఒకరోజు ఇంటికి వచ్చింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ల మెదళ్లను ఎమ్మారై తీసి చూస్తున్నారట. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు మోసే దారులుంటాయట. వాటిని తెల్ల పదార్థం అంటారట. ఆ దారుల్లో తేడా ఏమైనా ఉందేమో చూడాలట. ఇందులో వైద్యం ఏమీ లేదని రెండుసార్లు చెప్పింది. నస్రత్ సరేనంది. కానీ తేడా ఎక్కడుందో తెలిస్తే బాగుచేయకుండా ఉంటారా అని మనసులో అనుకుంది.

ఆదాం ఒప్పుకుంటేనే తీస్తామని చెప్పి, ఎమ్మారై మిషన్ చేసే చప్పుడు అతనికి తన ఫోన్లో వినిపించింది స్తుతి. అతను మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి విన్నాక, "వస్తా" అన్నాడు.

గురువారం గుంటూరు ఆసుపత్రికి వెళ్లారు. బస్సు హారన్‌కే చెవులు మూసుకునే మనిషి ఆ మిషన్ గొట్టంలో ఎలా పడుకుంటాడోనని నస్రత్ దారంతా హడలిపోయింది. మిషన్ టకటకా కొట్టడం మొదలుపెట్టింది. ఆదాం కదల్లేదు. నలభై నిమిషాలూ అలాగే ఉన్నాడు. బయటికి వచ్చాక అతని ముఖం ఎంత తేటగా ఉందంటే, అలా ఆమె ఎన్నడూ చూడలేదు. తిరుగు బస్సులో ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

నాలుగు నెలలకు స్తుతి ఇద్దరినీ రమ్మంది. కంప్యూటర్ మీద ఆదాం మెదడు రంగురంగుల పోగుల్లా కనిపించింది.

"తేడా తెలిసిందా అమ్మా?" అని అడిగింది నస్రత్.

"అందరివీ కలిపి సగటు తీస్తే కొంచెం తెలిసిందక్కా. కొన్ని దారుల్లోనే."

"మావాడికి ఎక్కడుంది?"

"ఒక్కరి బొమ్మ చూసి చెప్పలేం. ఆదాం గారిది పదిమంది మామూలు మనుషుల వాటిలో కలిపేస్తే, ఏది ఆయనదో నేనే పోల్చుకోలేను."

నస్రత్ ఆ బొమ్మనే చూస్తూ కూర్చుంది.

ఆదాం మాత్రం లేచి మిషన్ గది వైపు నడిచాడు. పరిశోధన అయిపోయిందని, ఇప్పుడక్కడ రోగులున్నారని స్తుతి మెల్లగా చెప్పింది. అతను తలుపు ముందే కూలబడి తల బాదుకున్నాడు. ఇద్దరు వార్డుబాయ్‌లు పట్టుకుంటే గానీ లేవలేదు.

తర్వాత ప్రతి గురువారం చొక్కా వేసుకుని బస్సు స్టాపులో నిలబడేవాడు. నస్రత్ చెప్పి చూసింది, ఏడ్చి చూసింది. స్తుతి దగ్గర తీసుకున్న ఆ చప్పుడు ఫోన్లో పెడితే కాసేపు విని, ఫోన్ తిప్పి మంచం మీద పెట్టేశాడు.

ఒక గురువారం ఆమె పరుపు కుట్టు మీదుండగా అతను ఒక్కడే బస్సెక్కాడు. పడుతూ లేస్తూ వెళ్లిన నస్రత్‌కి మిషన్ గది బయట నేల మీద కనిపించాడు. గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని, లోపలి చప్పుడు వింటున్నాడు. చేతులు ఒడిలో ఊరికే ఉన్నాయి.

"పేషంట్లు భయపడుతున్నారమ్మా. తీసుకెళ్లండి" అన్నాడు సెక్యూరిటీ అతను.

"తీసుకెళ్తానండి" అంది.

అతన్ని లేపడానికి చెయ్యి చాపింది. చెయ్యి తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వెనక్కి తీసుకుని, అతనికి కాస్త దూరంగా తనూ నేల మీద కూర్చుంది. సెక్యూరిటీ అతను ఇంకో ఇద్దరిని పిలుచుకురావడానికి వెళ్లాడు.