చనిపోయిన తమ్ముడు మోటారు వేశాడు

2023 వేసవి. అనంతపురంలో మా ఆఫీసు ఒక పైపుల దుకాణం పైఅంతస్తులో ఉండేది. సైబర్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటే అద్దాల భవనం ఊహించుకుని వచ్చినవాళ్లు, మెట్ల మీద పీవీసీ పైపులు దాటుకుంటూ పైకొచ్చేసరికే సగం నమ్మకం పోగొట్టుకునేవారు. మా సుధాకర్ సార్ ఈ వ్యాపారాన్ని పుట్టపర్తి లాడ్జీల్లో మొదలుపెట్టాడు. గదుల బుకింగ్ కంప్యూటర్లకు వైరస్ పట్టకుండా చూడడం, పడితే వదిలించడం. తర్వాత డ్రిప్ పరికరాల డీలర్లు వచ్చారు, ఆ తర్వాత బోరు మోటార్లు.

బోరు మోటారుకీ నీ చదువుకీ ఏం సంబంధమే అని తనకల్లులో మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఈ రోజుల్లో మోటారు వేయడానికి రైతు చేనికి పోనక్కర్లేదు. స్టార్టర్ డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో బటన్ నొక్కితే చాలు. ఏ ఫోన్‌కు ఆ హక్కు ఉందో చూసుకోవడాన్ని మేం యాక్సెస్ కంట్రోల్ అంటాం. ఎవరు ఎప్పుడు నొక్కారో గుర్తుపెట్టుకునేది లాగ్. ఇచ్చిన హక్కును వెనక్కి తీసుకోవడం రివోక్. మా సాఫ్ట్‌వేర్ చేసేదల్లా ఇంతే.

ఆ ఏడు బెంగళూరులోని ఒక స్టార్టర్ల తయారీ కంపెనీ మాకు పెద్ద ఆశ పెట్టింది. కంబదూరులో వాళ్ల డీలర్ ఓబులరెడ్డి మా సాఫ్ట్‌వేర్‌ను తన సొంత బోరు మీద వాడి చూసి బాగుందంటే, ఇకమీదట వాళ్లు అమ్మే ప్రతి డబ్బాలోనూ అదే పెడతారు. ఓబులరెడ్డి చీనీ తోటల రైతు, అంటే బత్తాయి రైతు, రాజకీయాల్లో పలుకుబడి ఉన్న మనిషి. ఆ ఆర్డర్‌ను నమ్ముకుని సార్ అప్పటికే కొత్తవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకున్నాడు. మా అందరి జీతాలూ ఓబులరెడ్డి చెప్పే ఒక్క మాట మీదే ఆధారపడి ఉన్నాయి.

ఒక ఉదయం ఆయనే ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, మీ సాఫ్ట్‌వేరు పని చేస్తాండాదా, నిద్రపోతాండాదా? నా మోటారు దానంతటదే తిరుగుతాండాది. ఎవుడో హ్యాక్ చేసినాడు."

సంగతి చెప్పగానే సుధాకర్ సార్ ముఖం వెలిగిపోయింది. కస్టమర్ ఇంట్లో దొంగలు పడితే సంబరపడే వ్యాపారం మాదొక్కటేనేమో. "ఈ హ్యాకర్‌ను పట్టుకుంటే సాలు, ఇంగ మనకు ప్రచారం యాల?" అన్నాడు.

లాగ్ తెరిచాను. దాడి జరిగితే మామూలుగా తప్పు పాస్‌వర్డ్‌లు వరసగా కనిపిస్తాయి, ఎవరో తాళంచెవులు ఒక్కొక్కటే పెట్టి చూసినట్టు. ఇక్కడ ఒక్క తప్పూ లేదు. మోటారు వేసిన ఫోన్ ఓబులరెడ్డి తానే ఎప్పుడో చేర్చిన ఫోన్, డబ్బాలోని పాత జాబితాతో పాటే మా సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది. పక్కన పేరు కూడా పెట్టుకున్నాడు, "తమ్ముడు" అని.

"అన్నా, ఇది మీ తమ్ముని ఫోను," అన్నాను.

"మా తమ్ముడు సచ్చిపోయి రెండేండ్లయితాండాది."

నేనింకా తేరుకోకముందే, నా కళ్ల ముందే, "తమ్ముడు" అన్న పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది. మోటారు మళ్లీ తిరుగుతోంది. మే నెల, ఏసీ లేని గది, అయినా నాకు ఒళ్లు చల్లబడింది.

"ఫోను ఎవుడో కొట్టేసింటాడు. ఆ పేరు తీసేయ్ తల్లీ, అంతే," అన్నాడు ఓబులరెడ్డి.

ట్రయల్ నడిచినన్నాళ్లు రివోక్ చేసే అధికారం మా దగ్గరే ఉంది. నేను తీసేసేదాన్నే, సార్ ఆపాడు. దొంగ దొరక్కుండా తలుపు మూసేస్తే బెంగళూరు వాళ్లకు ఏం చూపిస్తామని మరునాడే నన్ను కంబదూరు పంపాడు.

కరెంటు వచ్చే వేళకు బోరు దగ్గర నిలబడ్డాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. డబ్బాకు తాళం వేసి ఉంది. ఉన్నట్టుండి మోటారు అందుకుంది. నీళ్లు ఓబులరెడ్డి తోటలోకి పోవడం లేదు, గట్టు దాటి పక్క తోటలోకి పోతున్నాయి. పైపు వెంటే నడిచాను. చీనీ చెట్ల కింద ఒకావిడ పార పట్టుకుని పాదులు సరిచేస్తోంది. గట్టు మీద అద్దం పగిలిన ఫోన్ ఒకటి ఉంది.

"ఈ మోటారు నువ్వే ఏసినావా అక్కా?"

"నేనే ఏసినా. ఏం?"

"ఆ ఫోను యాడిది?"

"నా మొగునిది. బోరు అన్నదమ్ములిద్దురూ కలిసి ఏయించినారు. సగం నీళ్లు నావి. ఊర్లో పెద్దమనుషులూ అదే చెప్పినారు. ఇంతకూ నువ్వెవురమ్మా?"

హ్యాకర్‌ను పట్టుకోవడానికి వచ్చానని చెప్పకుండా, మోటారు డబ్బా చూడడానికి వచ్చానన్నాను. ఆమె పేరు లక్ష్మీదేవి, ఓబులరెడ్డి తమ్ముడి భార్య. తోట తనకు అమ్మేయమని బావ అడుగుతున్నాడట, ఈమె అమ్మనందట. డబ్బా తాళంచెవి ఆయన తీసుకున్నాడు. ఆమెకు మిగిలింది ఈ ఫోనే.

"ఈ ఎండల్లో నీళ్లు ఆగిపోతే సెట్లు నెల కూడా ఉండవమ్మా. సెట్లు పోయినంక తోట ఇచ్చేయకుండా నేనేం చేయాల?"

అక్కడి నుంచి ఓబులరెడ్డి దుకాణానికి వెళ్లాను. పాపం ఆయనకు తెలియదేమో, చెబితే నవ్వేసి ఊరుకుంటాడనే అనుకున్నాను. నా అమాయకత్వానికి నాకే ఇప్పుడు నవ్వొస్తుంది.

"అన్నా, హ్యాకర్ ఎవరూ లేరు. మోటారు ఏస్తాండేది మీ మరదలు."

ఆయన చేతిలో టీ గ్లాసు కూడా కదల్లేదు.

"తెల్సులేమ్మా. దొంగను పట్టుకోమని నిన్ను పిలిచినానా? తలుపు మూయమని పిలిచినా. నేను మూస్తే పెద్దమనుషులు నన్ను అడుగుతారు. కంపెనీ మూసేసిందంటే ఎవురడుగుతారు?"

మేం ఇన్నేళ్లుగా ఎక్కడో కూర్చున్న ముక్కూమొహం తెలియని దొంగను ఊహించుకుని ఈ తాళం తయారుచేశాం. ఈయన దాన్ని సొంత తమ్ముడి భార్య చెట్లు ఎండబెట్టడానికి అడుగుతున్నాడు, అదీ మా చేత్తో. సిగ్గూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. బటన్ నొక్కడానికి నేను ఎంత దగ్గరగా వచ్చానో ఇప్పటికీ మరిచిపోలేను.

బస్టాండులో నిలబడి సార్‌కు జరిగిందంతా చెప్పాను.

"ఆర్డరు పోతాది. తెల్సు కదా?"

"తెల్సు సార్."

"ఆ ఫోనుకు హక్కు ఇచ్చిందెవురు?"

"ఆయనే. తమ్ముడు బతికున్నప్పుడు."

"ఆయమ్మకు సగం నీళ్లని ఊరే చెప్పింది గదా. అట్లయితే దాడి లేదు. అదే రాసియ్," అని పెట్టేశాడు.

ఆర్డర్ పోయింది. కొత్తగా చేరినవాళ్లు కొందరు వెళ్లిపోయారు. సార్ మళ్లీ పుట్టపర్తి లాడ్జీల చుట్టూ తిరిగాడు. ఓబులరెడ్డి ఆ డబ్బాను పీకేసి వేరేది పెట్టుకుంటాడని భయపడ్డాను కానీ పెట్టలేదు. పెడితే అది ఆయన చేతి పని అవుతుంది, ఊరికి జవాబు చెప్పుకోవాలి. ఆ వేసవంతా ఆఫీసుకు రాగానే ముందు లాగ్ తెరిచేదాన్ని. "తమ్ముడు" పక్కన చుక్క వెలిగితే అప్పుడు టీ తాగేదాన్ని. వానలు పడేదాకా వెలుగుతూనే ఉంది. చెట్లు బతికాయి.

తర్వాత సాఫ్ట్‌వేర్‌ను మార్చాం. బోరులో వాటా ఉన్నవాళ్లంతా ఒప్పుకుంటే తప్ప ఇప్పుడు ఏ ఒక్క ఫోన్‌నూ రివోక్ చేయలేరు. డీలర్లు ఇదేం పీడ అని తిట్టుకున్నారు. ఉమ్మడి బోర్ల రైతులు మాత్రం ఒకరి మాట విని ఒకరు వచ్చారు, కంపెనీ నెమ్మదిగా నిలదొక్కుకుంది.

ఇప్పుడు డెమోలకు నేనే వెళ్తున్నాను. బయటివాళ్లు ఎలా చొరబడతారో, మేం ఎలా ఆపుతామో అంతా చెప్పి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటాను. దాదాపు ప్రతి ఊళ్లోనూ ముందు వరసలోంచి ఒకాయన గొంతు సవరించుకుంటాడు.

"అదంతా సరేలే మేడం. లోపల ఉండేవాళ్లలో ఒకర్ని తీసేయాలంటే ఎట్ల?"

మొదటిసారి విన్నట్టే ప్రతిసారీ ఉలిక్కిపడతాను. ల్యాప్‌టాప్ మూసి అంటాను: "ఎవుర్ని తీసేయాల, అన్నా? ఆయమ్మను కూడా పిల్చుకోని రాండి, మాట్లాడదాం."