తూకపు గుండును నమ్మని మేస్త్రి

మా నాన్న తాపీ మేస్త్రి. డెబ్బై దగ్గర పడినా, ఆయన కట్టిన గోడకు వంక పెట్టినవాడు లేడు. గోడ నిటారు చూడ్డానికి దారానికి వేలాడదీసే తూకపు గుండు చూపించి, "మనిషి అబద్ధమాడతాడు, ఇది ఆడదు" అనేవాడు. అలాంటి మనిషి ఈమధ్య ఆ గుండునే నమ్మలేదు.

కొత్త గోడ పైవరస చూడ్డానికి తలెత్తాడట. గోడ పక్కకు ఒరిగిపోతూ కనిపించిందట. గుండు ప్రకారం గోడ నిటారుగానే ఉందని కూలీలు మొత్తుకున్నా, "నా కళ్ళకంటే దారం ఎక్కువా!" అని కసిరి, గోడంతా కూలగొట్టించాడు. ఇదంతా కూలీలు చెబితేనే నాకు తెలిసింది. అడగ్గానే చెబితే ఆయన మా నాన్న ఎందుకవుతాడు?

ఆ తర్వాత ఆరు రోజులు గోడకు వీపు ఆనించి, కూర్చునే నిద్రపోయాడు. పడుకుంటే ఇల్లు గిర్రున తిరుగుతోందట! లేస్తే గోడ పట్టుకుని నడిచేవాడు. మా పెదనాన్న ఇలాగే తూలి పడి మళ్ళీ లేవలేదు. అది ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరమూ పైకి అనలేదు.

బలవంతాన ఆసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ నడిపించింది, చేతులు చాపించింది, కూర్చోబెట్టి, నిలబెట్టి బీపీ చూసింది. తర్వాత తల పక్కకు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది.

"పడిపోతున్నానమ్మా, పట్టుకో!" అని నాన్న కేక పెట్టాడు. ఆయన కనుగుడ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. ఇక అయిపోయిందనుకున్నాను.

"పక్షవాతం లక్షణాలేమీ లేవు. చెవి లోపల సన్నని రేణువులు చోటు తప్పాయి; తలెత్తినా, వాల్చినా అన్నీ తిరిగినట్టు ఉంటుంది. పెద్దవాళ్ళలో మామూలే," అంటూ ఆవిడ ఆయన తలను మెల్లగా ఇటూ అటూ తిప్పి లేపింది. "ఇలా తిప్పితే రేణువులు చోటుకు చేరతాయి. కొన్నాళ్ళు నిచ్చెన ఎక్కకండి. మళ్ళీ తిరిగితే రండి."

ఇంటికొచ్చాక మంచం మీద కూర్చున్నాడు గానీ, వాలడానికి ధైర్యం చాలలేదు. సంచిలోంచి గుండు తీసి నాకిచ్చాడు.

"నా ఎదురుగా పట్టుకో. ఇది నిలబడితే పడుకుంటా."

పట్టుకున్నాను.

"ఊగుతోందమ్మా," అన్నాడు.

"నా చెయ్యి వణుకుతోంది నాన్నా. నాకూ భయంగానే ఉంది."

దారం కిటికీ ఊచకు కట్టి వదిలేశాను. గుండు కాసేపు ఊగి ఆగింది. నాన్న దాని మీంచి చూపు తిప్పకుండా, కొంచెం కొంచెంగా వాలి, తల దిండుకు ఆనించాడు.

ఇల్లు తిరగలేదు.

నాన్న గుండు వైపు వేలు చూపించాడు. "అయితే ఆ గోడ నిటారుగానే ఉందన్నమాట."