ఆవు పక్కన కట్టిన బర్రె

నిన్న కోదాడ దగ్గర ఒక పశువుల కొట్టంలో, కొత్తగా ఈనిన ఆవు మూతి దగ్గరికి వంగగానే మగ్గిపోయిన జామపండ్ల వాసన వచ్చింది. మేత మానేసిన పాడి ఆవు ఊపిరిలో వచ్చే వాసన అది. అందరి ముక్కుకూ అందదు. దాన్ని పట్టుకోవడం నాకు నేర్పింది మా సార్, మిర్యాలగూడ పశువుల దవాఖానలో నా మొదటి పై అధికారి. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, నిన్న "సార్, చూశారా" అని వెనక్కి తిరగబోయాను.

2004లో నేను అక్కడ కొత్త డాక్టరుగా చేరాను. సార్‌కు పిల్లల్లేరు, కోపమూ లేదు. వెక్కిరింపు మాత్రం కావలసినంత. నేను పొదుగు పట్టుకుని చూస్తుంటే "పాలు అచ్చంగ గాడనే తయారైతయనుకుంటున్నవా?" అనేవారు. "ఆవు తిన్నకొద్దీ పేగుల నుంచి నెత్తురు కాలేయానికి ఉరుకుతది. పాలకు కావాల్సిన చక్కెర ఆడ తయారైతది. తిండి ఆగిందనుకో, ఒంట్ల కొవ్వు కరిగి అదే కాలేయంల పేరుకుంటది. ఇగ తన ఒళ్ళు తానే తిన్నట్టు."

దామరచర్ల దిక్కు ఒక ఊళ్ళో సైదమ్మ అనే ఆమెకు పాలిచ్చే ఆవు ఒక్కటే ఉండేది. అది వట్టిపోయిన నెలల్లో ఆమె ప్రేమకొద్దీ రైసుమిల్లు నూకలతో జావ కాచి పోసి, దాన్ని తెగ బలిపించింది. ఈనాక పొదుగుకు దిష్టి తగలకుండా చుట్టూ గోనెసంచుల పరదా కట్టి ఒంటరిగా ఉంచింది. మేము వెళ్ళేసరికి ఆవు మేత ముట్టడం లేదు. సార్ నరానికి గ్లూకోజు ఎక్కించారు. పరదా తీసెయ్యమన్నాను నేను.

"పానం పోయినా తియ్య సారూ, పొదుగెండిపోతది" అని సైదమ్మ ఆయన వైపు తిరిగి ఏడ్చింది.

"తియ్యకు సైదమ్మా. బయట కట్టేసిన ఆ ముసలి బర్రెను గూడ పరదా లోపటికి తోలుకరా. ఈ గ్లూకోజు ఒక పూట నిలబెడ్తది, గంతే. బతకాలంటే అదే తినాలె. ఒంటిగ కట్టేస్తే గొడ్డు మెయ్యది" అన్నారు సార్.

బర్రె వచ్చి పచ్చిగడ్డి పరపర నమలడం మొదలుపెట్టింది. ఆవు చాలాసేపు ఊరికే చూసింది. తర్వాత మూతి చాచి బర్రె ముందున్న గడ్డిలోంచే ఒక పరక లాక్కుంది. సైదమ్మ కళ్ళు తుడుచుకుని మాకు చాయ్ పెట్టడానికి పోయింది.

రిటైరయ్యాక సార్ సూర్యాపేటలో ఉన్నారు. అక్కడే ఆయన భార్య పోయారు. దుఃఖంలో ఉన్న మనిషిని కదిలించకూడదని బంధువులు స్టూలు మీద అన్నం పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళేవారట. నేను వెళ్ళేసరికి ఆయన సగమయ్యారు. మంచం పక్కన నేల మీద కూర్చుని, నా డబ్బా విప్పి, పచ్చిపులుసు అన్నం తినసాగాను.

చాలాసేపటికి "నువ్వు బర్రెవా ఏంది బిడ్డా?" అన్నారు.

"మీరెట్లా అనుకుంటే అట్లా సార్."

నవ్వబోయి ఏడ్చారు. తర్వాత కంచం దగ్గరికి జరుపుకున్నారు.

అప్పటికే నాకు కోదాడ బదిలీ అయింది. ప్రతి ఆదివారం డబ్బాతో సూర్యాపేట బస్సెక్కేదాన్ని. ఆయన కోసమే వెళ్తున్నానని అందరూ అనుకునేవారు. కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉండే నాకు, వారంలో మనిషి ఎదురుగా కూర్చుని తినేది ఆ ఒక్క పూటే. మేము పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కూడా కాదు.

ఆఖరి ఆదివారం, జబ్బు ముదిరి ఆయనకు ముద్ద దిగలేదు. నేను డబ్బా మూత పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"మూయకు. నువ్వు తిను బిడ్డా. ఇయ్యాల నేను పక్కన కూసుంట."

మూత పక్కన పెట్టి తిన్నాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆయన గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు నా ఎదురుగా ఎవరూ లేరు. కొన్ని పూటలు అన్నం చూస్తేనే ఏడుపొస్తుంది. అయినా కంచం సగంలో వదిలి లేవను.