మా మరిది పడవ గాలిలోకి లేచిన పూట

నిన్న మా వీధిలో ఎవరో మేడ మీదికి నీళ్ళ ట్యాంకు ఎక్కిస్తున్నారు. క్రేను కొక్కెం కదలగానే నేను లోపలికొచ్చి తలుపేసుకున్నాను. మా కోడలు నవ్వింది. నవ్వనీ, తను ఆ రోజు హోసూరు షెడ్డులో లేదు.

మా మరిది ఆ షెడ్డులో ఫైబరు పని చేసేవాడు. చేసేవి నీళ్ళ తొట్లు, బాత్‌రూము తలుపులు. మనసు మాత్రం తెరచాప పడవ మీద. సముద్రాన్ని రెండుసార్లు కూడా చూడనివాడు, రెండేళ్ళ ఆదివారాలన్నీ ధారపోసి ఇద్దరు కూర్చునేంత పడవ చేశాడు. దాన్ని లారీకెక్కించి కృష్ణగిరి డ్యాముకు తీసుకుపోవాలి. ఆ రోజు పొద్దున్నే క్రేను వచ్చింది. మరిది పడవ కడుపు కింద ముందొక బెల్టు, వెనకొక బెల్టు వేసి, నాలుగు కొసలూ పైన క్రేను కొక్కేనికున్న ఒకే ఉంగరానికి తగిలించాడు. అంతటితో ఆగక, ఆ బెల్టులు ఒకదానికొకటి దూరం జరగకుండా రెంటినీ కలిపి తాడు బిగించసాగాడు.

"రెండు బెల్టులు చాలప్పా, ఇంగా తాడు యాల? పడవను ఎత్తేదా, ఆవును కట్టేసేదా?" అన్నాడు క్రేను నడిపే పెద్దాయన.

"జారితే ఆపేదానికి, అన్నా. ఉండనీ."

నాకు బడి చదువు లేదు. మా నాయన ఇంట్లో నేర్పిన అక్షరాలూ స్తోత్రాలే. కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించినట్టే, నీళ్ళలో తిరిగేదానికి గంగమ్మ పూజ జరగాలని నా లెక్క. వాళ్ళు టీకి పోయినప్పుడు స్టూలెక్కి, పడవకు కుంకుమ పెట్టి, లోపల మూడు బిందెల పసుపు నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పూజ చెప్పి చేసేదా?

పడవ మనిషెత్తు లేచింది. లోపల నీళ్ళు ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తిన చప్పుడు. వెనక భాగం దిగబడి మూతి పైకి లేచింది, ముందు బెల్టు మూతి వైపు జారింది. ఆ వెనక భాగం కిందే మా మరిది, పడవ ఊగకుండా చేత్తో పట్టుకుని ఉన్నాడు. నా నోట దేవుడి పేరు కూడా రాలేదు. తాడు బిగుసుకుంది. బెల్టు ఆగింది. పసుపు నీళ్ళన్నీ అతని నెత్తిన పడ్డాయి.

పడవ దించి పెద్దాయన క్రేను దిగొచ్చాడు. "లోపల నీళ్ళు యాడివి?"

"నేనే పోసినానన్నా. గంగమ్మ పూజకి."

మరిది పచ్చగా తడిసి నేల మీద కూర్చున్నాడు. "వదినా, నీళ్ళు పడవ బయట ఉండల్ల," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం పడవ డ్యాములో తేలింది. దీపం పెట్టేటప్పుడు దేవుడితో పాటు మరిది వేసిన ఆ తాడు ముళ్ళకూ దణ్ణం పెట్టడం నాకు అప్పటి నుంచే అలవాటు. ఆ పొద్దున పడవ గాల్లో అలా వంగి ఆగింది నాలుగు లెక్కపెట్టేంత సేపే. నేను బతికిన ఏళ్ళలో కొన్ని అంత పొడుగు లేవు.