గుట్టో గుంతో చూసుకోమన్న లెక్కల సారు

మా లెక్కల సారు పోయారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, సగం లేచిన మెట్రో స్తంభాల పక్కన నా బస్సు ఇరుక్కుపోయి ఉండగా డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. "సారు పోయిండే. పొద్దుగాల నిద్రలనే" అంది. ఏ సారని నేను అడగలేదు. మాకు సారంటే ఆయనొక్కరే. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆ ఏడుపులో సగం సిగ్గే. ఆ సిగ్గెందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

పదో తరగతితో లెక్కలకు దండం పెట్టేసి ఇంటర్‌లో కామర్స్, ఎకనామిక్స్ తీసుకున్న బాపతు మేము. ఇక జన్మలో లెక్కల జోలికి పోనక్కర్లేదని ఎవరో చెబితే నమ్మాం. తీరా డిగ్రీలో బిజినెస్ మ్యాథమెటిక్స్ అని ఒక పేపరు ఎదురొచ్చింది. మాత్రికలు, లిమిట్లు, డెరివేటివ్‌లు! సగం క్లాసు తప్పింది. నేనైతే రెండుసార్లు తప్పాను. అప్పుడు పట్టుకున్నాం నాచారంలో సారు ఇల్లు.

ఆయన ఒక కాలేజీలో మాలాంటి వాళ్లకే పాఠాలు చెప్పేవారు. సాయంత్రాలు ఇంటి వరండాలో చెప్పేవారు. ప్రహరీ గోడకే నల్లరంగు వేయించి బోర్డు చేసుకున్నారు. వాన పడితే పాఠమంతా కొట్టుకుపోయేది. "పోనియ్, ఎట్లనన్న మళ్లొకసారి జెయ్యాల్సిందేనాయె" అని చొక్కా జేబులోంచి ఇంకో సుద్దముక్క తీసేవారు. ఆ జేబు ఏనాడూ తెల్లగా తప్ప కనబడలేదు, చొక్కా ఏ రంగుదైనా సరే.

ఆయన పద్ధతులు వేరు. లెక్క ఇవ్వగానే పెన్ను పట్టుకుంటే ఊరుకునేవారు కాదు. "ఎక్స్ గిక్స్ తర్వాత. ముందుగాల కథ జెప్పు. ఎవరు, ఏం తయారు జేస్తున్నరు, ఏం పెరిగితే ఏం తగ్గుతున్నది?" అనేవారు. కథ తెలుగులో చెప్పగలిగితేనే లెక్క మొదలు. గైడు కొనుక్కొస్తే వెనకాల జవాబుల పేజీలు చింపేసి లోపలికి పంపేవారు. అవన్నీ సారు భార్య దగ్గర, వంటింట్లో పప్పు డబ్బా కింద ఉండేవి. మేమంతా ఆవిడను ఆంటీ అనేవాళ్లం. జవాబు కావాలంటే వంటింట్లోకి వెళ్లి ఆవిడనే అడగాలి. "చేసినవా? నిజంగ చేసినవా?" అని మొహంలోకి చూసేది. ఆవిడకు ఇంగ్లీషు అక్షరం రాదు. అయినా నేను అబద్ధమాడిన ప్రతిసారీ దొరికిపోయాను.

మూడోసారి పరీక్ష దగ్గర పడింది. మల్లాపూర్‌లో నాన్న పనిచేసే చిన్న ఫ్యాక్టరీ అప్పుడే మూతపడింది. ఉప్పల్‌లో ఒక ఆఫీసు వాళ్లు నాకు ఉద్యోగమిస్తామన్నారు, డిగ్రీ పాసైన మెమో చూపిస్తేనే. ఆ ఒక్క పేపరు మీద మా ఇల్లు ఆగి ఉంది. ఈ సంగతి నేను సారుకు చెప్పలేదు. చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆ వారమే ఆ లెక్క వచ్చింది. ఎన్ని వస్తువులు తయారు చేస్తే ఫ్యాక్టరీకి లాభం అన్నిటికన్నా ఎక్కువ? డెరివేటివ్ తీసి సున్నాకు సమానం చేస్తే రెండు, పది అని రెండు జవాబులొచ్చాయి. ముందొచ్చింది కదా అని నేను రెండునే జవాబుగా పట్టుకుని దాని కింద పెద్దగా గీత గీసేశాను. అది లాభం కాదు, నష్టం అన్నిటికన్నా ఎక్కువయ్యే చోటు. సారు పుస్తకం పైకెత్తి అందరికీ చూపించారు. "ఈ పిల్ల చేతికి ఫ్యాక్టరీ ఇస్తే ఏరికోరి నష్టంలకే తీస్కపోతది" అన్నారు. వరండా అంతా గొల్లుమంది. నాకు నాన్న మొహం కళ్ల ముందు తిరిగింది. నాకసలే ముక్కు మీద కోపం. పుస్తకం లాక్కుని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటపడ్డాను. లోకంలో లెక్కల మాస్టార్లనందరినీ తిట్టుకుంటూ ఇల్లు చేరాను.

పొద్దున్నే మా గల్లీలో స్కూటర్ ఆగింది. సారే! గడప మీద కూర్చున్న నాన్న కంగారుగా లేచాడు.

"నీ బిడ్డను నిన్న అందరి ముంగట నవ్వులపాలు జేసిన అన్నా. నీ కంపెనీ బందైన సంగతి నాకెరుక లేకుండె. రాత్రి దాని దోస్తు జెప్పింది."

"అయ్యో, మీరు జెప్పకుంటే పిల్లలకెవరు జెప్తరు సారూ?"

"చెప్పుడు వేరే, నవ్వుడు వేరే అన్నా."

అంత పెద్దాయన మా గడప మీద నాన్న పక్కనే కూర్చుని నా పుస్తకం అడిగారు. ఆయన తప్పులను ఎప్పుడూ కొట్టేసేవారు కాదు. సరిగ్గా ఉన్న ఆఖరి వరుస పక్కన టిక్కు పెట్టేవారు. "ఈడిదాంక సక్కగనే నడిచినవ్. ఈడికెల్లి మళ్ల నడువు" అన్నారు. తర్వాత చేత్తో గాలిలో గీసి చూపించారు. "గుట్ట కొస మీద నిలవడ్డా కాళ్ల కింద నేల సాపే ఉంటది, గుంతల నిలవడ్డా సాపే ఉంటది. సాపుగున్నదని సంబురపడకు. జర అటు ఇటు సూడు, అన్ని దిక్కుల దిగుడుంటే గుట్ట, ఎక్కుడుంటే గుంత."

నాన్న శ్రద్ధగా విన్నాడు. "మా సేటుకు గీ ముచ్చట ఎవరన్న జెప్తే బాగుండు సారూ" అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఫ్యాక్టరీ మూతపడ్డాక నాన్న నవ్వగా చూడడం అదే మొదలు.

పాసయ్యాను. మెమో పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాను. సారుకు చెప్పాలి, చెప్పాలి అనుకున్నాను. ఈ ఆదివారం అనుకున్నాను, మొదటి జీతంతో స్వీట్లు పట్టుకెళ్దామనుకున్నాను, నెలలయ్యాక ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలని ఊరుకున్నాను. ఉప్పల్ నుంచి నాచారం ఎంత దూరమని! ఏళ్లు గడిచిపోయాయి. చేయి పట్టి నడిపించిన మనిషికి పాసయ్యానన్న ఒక్క మాట చెప్పలేకపోయాను.

పదోరోజు తర్వాత వెళ్లాను. ఆంటీ నన్ను చూడగానే పోల్చుకుంది. పక్కన కూర్చోగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే: "ఆంటీ, నేను అప్పుడు పాసైన. సారుకు జెప్పలే."

"ఆయనకెరుకనే బిడ్డా. రిజల్ట్ పెట్టిన్నాడే మీ కాలేజీకి వోయి, గోడ మీద నీ నంబరు జూసుకొచ్చిండు. నువ్వొస్తవని బజ్జీలు దెచ్చిండు. చల్లారకుంట పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లిచ్చిండు. పొద్దుగూకేదాంక గేటు గడియ పెట్టనియ్యలే."

"కోపమొచ్చిందా ఆంటీ?"

"కోపమెందుకే? 'తప్పినోళ్లే మళ్లొస్తరు. రాలేదంటే పిల్ల కొలువుల వడ్డట్టే' అని నవ్విండు. ఇగ ఆ చల్లారిన బజ్జీలు మేమిద్దరమే తిన్నం. నీ పాసు పండుగ మేమే జేసుకున్నం."

అప్పటి నుంచి నాకు వాళ్లిద్దరే కనిపిస్తున్నారు. వరండాలో ఎదురెదురుగా కూర్చుని, రానిదాని తరఫున చల్లటి బజ్జీలు తింటూ, మధ్యమధ్యలో గేటు వైపు చూస్తూ.