మిద్దె మీద కడ్డీ, బావ కట్టిన తీగ

ఆ రోజుల్లో గద్వాలలో ఆడపిల్ల మిద్దె ఎక్కిందంటే వడియాలు ఎండబెట్టడానికో, పక్కింటి పిల్లతో ముచ్చట పెట్టడానికో అనుకునేవాళ్లు. నేనేమో అంటెనా నిలబెట్టడానికి ఎక్కాను. మా చుట్టాలు ఇప్పటికీ మరిచిపోలేదు. ఏ పెళ్లిలోనైనా సరే, రెండో బంతికి విస్తళ్లు వేసేలోపు ఎవరో ఒకరు మొదలుపెడతారు: ఈమె డిగ్రీ చదివేటప్పుడు తాడిచెట్టంత అంటెనా కట్టింది, తీరా మాట్లాడితే పక్కనున్న నాగర్‌కర్నూల్‌కు కూడా వినపడలేదు అని. అందరూ నవ్వుతారు, అందరికంటే గట్టిగా మా బావ నవ్వుతాడు. ఆ కథలో సగం అబద్ధం. మిగిలిన సగం నిజమే కానీ, దాన్ని చెప్పాల్సిన పద్ధతి అది కాదు.

బావ అంటే మా మేనమామ కొడుకు. (ఇది పెళ్లి దాకా పోతుందేమోనని ఆశపడుతున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. పోలేదు. ఇద్దరిలో ఎవరో పుణ్యం చేసుకున్నారు.) వాళ్లది వనపర్తి. నేను గద్వాలలో అమ్మ తల్లి దగ్గర, అంటే మా అవ్వ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. మా ఇద్దరికీ హామ్ రేడియో పిచ్చి, అంటే ఇంట్లోంచే ఊళ్లూ దేశాలూ దాటి మాట్లాడే వైర్‌లెస్ పిచ్చి, ఒకేసారి పట్టింది. పట్టించినాయన నాగర్‌కర్నూల్‌లో ఉండే ఒక సైన్సు మాస్టారు. మేం వైర్‌లెస్ సార్ అనేవాళ్లం. లైసెన్సు పరీక్ష ఇద్దరం పాసయ్యాం. (నాకే మార్కులు ఎక్కువ. పెళ్లిళ్లలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.) సార్ దగ్గర తను వాడేది కాక ఇంకో సెట్టు ఉంది. అది ఒకరికే ఇస్తానని పందెం పెట్టాడు. ఇద్దరూ గద్వాలలో ఒకే మిద్దె మీద ఎవరికి నచ్చిన అంటెనా వాళ్లు కట్టుకోవాలి, ఆ సెట్టుకే మార్చి మార్చి తగిలించి మాట్లాడాలి, ఆయన నాగర్‌కర్నూల్‌లో కూర్చొని వింటాడు. ఎవరిది బాగా వినపడితే సెట్టు వాళ్లది.

నాది నిలువు కడ్డీ. అల్యూమినియం గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దోపి, పక్కిళ్ల మగ్గాల వాళ్ల దగ్గర అడుక్కొచ్చిన తాళ్లతో మూడు వైపులా బిగించి నిలబెట్టాను. బావది అడ్డ తీగ. నడిమిని ఒక వెదురుకు కట్టి, తీగ రెండు కొసలూ చెరోవైపు కిందికి జార్చాడు. ఆ వెదురు కోసం పెబ్బేరు సంతలో ఎద్దు పండ్లు చూసినట్టు ఒక్కో కర్రనూ తట్టి తిప్పి చూశాడు. నా కడ్డీ దర్జా ముందు అది తెగిన గాలిపటంలా ఉంది, ఆ మాట మొహం మీదే అన్నాను. ఆయన ఊరుకుంటాడా?

"జర మెల్లగ మాట్లాడే, నీ లొల్లి సెట్టు లేకున్నా నాగర్‌కర్నూల్‌ల వినపడ్తది."

కడ్డీతో ఒక చిక్కుంది. దాని ప్రాణంలో సగం పైన ఉంటే సగం కింద ఉంటుంది. కడ్డీ అడుగు నుంచి అన్ని దిక్కులకూ తీగలు పరవాలి. అవి లేకపోతే అది వట్టి గొట్టం. మోటార్లు చుట్టే దుకాణంలో సన్నటి రాగితీగ దొరికింది. దాన్ని మిద్దంతా ముగ్గులా పరిచాను, మిద్దె చాలక కొన్ని గోడ మీంచి పెరట్లోకి కూడా దిగాయి. ముందురోజు సాయంత్రం సెట్టు తగిలించి పిలిస్తే, ఎక్కడో ఇండోనేషియాలో ఒకాయన పలికాడు. పేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఏ అంటెనా అని అడిగాడు. మీ నాన్న ఏం చేస్తాడు, ఇంకా పెళ్లి కాలేదా అని అడగకుండా నాతో మాట్లాడిన మొదటి మగమనిషి ఆయనే. ఆ సెట్టు వనపర్తికి పోతే నేనెట్లా బతకాలో నాకు అర్థం కాలేదు. ఇరవై ఏళ్లు కూడా నిండని దాన్ని, సముద్రం అవతల నుంచి ఒకాయన నా అంటెనా బాగుందన్నాడు మరి.

తెల్లవారాక నేను కింద గదిలో సెట్టు ముందు నుంచి కదల్లేదు. బావేమో పొద్దున్నుంచీ మిద్దె మీదే ఉన్నాడు, తన తీగ బిగించుకుంటూ. టైముకు కిందికి వచ్చి మీటర్ పట్టుకుని కూర్చున్నాడు. మనం పంపినదాన్ని అంటెనా మింగుతోందా, తిప్పికొడుతోందా చెప్పే డబ్బా అది. ముల్లు సరిగ్గా ఉందా అని అడిగాను. "ఆఁ, మంచిగనే ఉంది, నువ్వు మాట్లాడు" అన్నాడు. మాట్లాడాను. చాలాసేపటికి సార్ గొంతు వచ్చింది.

"బిడ్డా, ఎవరో మాట్లాడ్తున్నట్టుంది గని, ఎవలో ఏమో తెల్వది."

ఇంకా గట్టిగా అరిచాను. (గట్టిగా అరిస్తే రేడియో దూరం పోదని పరీక్షలో నేనే రాశాను.) తర్వాత బావ తన తీగ తగిలించి, పెండ్లికి పిలవడానికి వచ్చినవాడిలా మర్యాదగా రెండు ముక్కలు మాట్లాడాడు. పక్కన కూర్చొని మాట్లాడినట్టే ఉందన్నాడు సార్. మధ్యాహ్నానికి బావ సెట్టు ఒళ్లో పెట్టుకుని పెబ్బేరు మీదుగా పోయే బస్సెక్కేశాడు.

కడ్డీ దించుదామని సాయంత్రం మిద్దె ఎక్కితే, మిద్దె అద్దంలా ఊడ్చి ఉంది. ఒక్క తీగ లేదు. కిందికి ఉరికొచ్చాను. అవ్వ మగ్గం గదిలో, చరఖా పక్కన, జరీ చుట్టిన కండెల వరసలోనే నా రాగితీగ చుట్టిన కండెలు మెరుస్తూ కూర్చున్నాయి. సాలెవాళ్ల ఇంట్లో పోగు కింద పడి ఉంటే ఎవరూ తొక్కరు, దాటరు. తీసి కళ్లకద్దుకుని చుట్టిపెడతారు. అవ్వ తెల్లారగానే ఊడ్వడానికి మిద్దె ఎక్కింది. ఒక్క చిక్కు పడకుండా అంతా చుట్టేసింది, పెరట్లోవి కూడా వదలకుండా. నేను నెత్తి పట్టుకుని కూలబడితే ఆమెకు నా పరేషాన్ అర్థం కాలేదు.

"జరీ గాకుంటే ఏమాయె బిడ్డా, పోగు పోగే గద. కాళ్ల కింద తొక్కుల్ల పడ్డది. నువ్వు చదువుకున్నదానివి, గట్ల పారేస్తరా?"

ఆ కండెలు పట్టుకుని నాగర్‌కర్నూల్ పోయాను. సార్ ఓపిగ్గా విన్నాడు. విని, ఓడినంక అందరికీ ఏదో ఒక కారణం దొరుకుతుందని నవ్వాడు. ఇక పెళ్లిళ్ల కథ అక్కడినుంచే పుట్టింది. అందులో అవ్వ లేదు, చరఖా లేదు, నా నోరు మాత్రం ఉంది.

ఇప్పుడు నేనే నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సొంత మిద్దె, సొంత సెట్టు ఉన్నాయి. మిద్దె మీద కడ్డీ, తీగ రెండూ కట్టాను. ఏళ్ల తరబడి పోల్చి చూశాక తేలిందేమిటంటే, కడ్డీ చూపు నేలబారున దూరం పోతుంది, పక్క ఊళ్లను పట్టించుకోదు. తక్కువ ఎత్తులో కట్టిన తీగ మాటను నెత్తి మీదికి విసురుతుంది, అది ఆకాశానికి తగిలి చుట్టుపక్కల ఊళ్లలోనే రాలుతుంది. ఇండోనేషియాకైతే నాది, నాగర్‌కర్నూల్‌కైతే బావది. అంటే పందెమే తప్పుడు పందెం. అవ్వ ఆ తీగలు ముట్టకపోయినా నేను ఓడేదాన్నే. ఈ మాట బయటికి అనడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రాగితీగ ముగ్గు మధ్యలో నిలబడి లోకాన్ని గెలిచేశాననుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త కుళ్లు కూడా పుడుతుంది.

బావ వనపర్తిలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. ఓడేదాన్నేనని ఆయనకు నేనే ఫోన్ చేసి ఒప్పుకున్నాను. అప్పుడు అడిగాను. తెల్లారినప్పటినుంచీ మిద్దె మీద ఉన్నవాడివి, అవ్వ తీగలు చుట్టడం చూడలేదా అని. తీగలు లేకపోతే ముల్లే చెప్తుంది, ఆ మీటర్ నీ చేతిలోనే ఉంది గదా అని. దుకాణంలో గిరాకీ ఉంది, మళ్లా చేస్తానన్నాడు. ఇంతవరకు చేయలేదు.

ఎట్లయినా గెలిచేవాడివే గద బావా, ఆ పొద్దు ముల్లు ఎక్కడుందో నాకెందుకు చెప్పలేదు?