ఎస్తేరమ్మ ఎత్తని పేరు

వడమాలపేటలో ఆయా ఎస్తేరమ్మ ఎవరికీ బైబిలు వాక్యం చెప్పేది కాదు. తుంటి విరిగి మంచాన పడిన వరలక్ష్మమ్మ వీపు పుండ్లను మూడు నెలలుగా, చెంగు నడుముకు దోపి, ముఖం చిట్లించకుండా కడిగేది. కూలి అడగలేదు. ఏసు పేరు ఒక్కసారీ ఎత్తలేదు. ఒకరోజు బంధువులు గుమిగూడి, "మతంలో కలుపుకునేదానికే వస్తా ఉండాది" అని కొడుకు చెంగల్రాయుడిని నిలదీశారు. అతను ఎస్తేరమ్మ ఎదుటే తల్లిని అడిగాడు: "మా, ఆయమ్మ నీకు ఏసు మాటలు చెప్పిందా?" వరలక్ష్మమ్మ బంధువుల ముఖాలు చూసి కళ్లు దించుకుంది. "చెప్పింది నాయనా. వద్దన్నా ఇన్లేదు."

ఎస్తేరమ్మ దోపిన చెంగు విప్పి వెళ్లిపోయింది. మర్నాడు కాళ్లు మళ్లీ ఆ ఇంటికే నడిచాయి. తలుపు గడియ పెట్టి ఉంది. లోపల ముసలామె మూలుగుతోంది. "చెంగల్రాయుడా," తలుపు మీద చెయ్యి ఆనించి అంది, "మీయమ్మను పక్కకు తిప్పి పండబెట్టప్పా. వీపు ఆనకూడదు."